బందరు తన పెద్దలను తలచుకునే తీరు

ఒక పట్టణం తన పెద్దలను ఎలా గౌరవిస్తుందో చూస్తే ఆ పట్టణపు స్వభావం కొంత బోధపడుతుంది. మన వైపు ఆ పద్ధతి ఏనాడో స్థిరపడిపోయింది: కూడలిలో విగ్రహం, జయంతినాడు ఒక పూలదండ, వర్ధంతినాడు మరొకటి. విగ్రహాలంటే నాకు ద్వేషం లేదు. కాని విగ్రహం ముఖాన్ని చూపుతుందే గాని చేసిన పనిని చెప్పదు. మచిలీపట్నం విషయంలో ఈ కొరత మరీ బాధిస్తుంది, ఎందుకంటే అక్కడి పెద్దల గొప్పతనమంతా వారు నిలబెట్టిన సంస్థలలోనే ఉంది.

అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉండగా భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు రాసుకున్న 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' ఇటీవల మరల చదివాను. ఆయన పేరు చెప్పగానే మనవారికి గుర్తొచ్చేది 1939లో సుభాష్ చంద్ర బోస్ చేతిలో ఓటమి, ఆ ఓటమిని గాంధీజీ తనదిగా చెప్పుకోవడం. ఇంత బ్రతుకు బ్రతికిన మనిషికి మిగిలిన గుర్తింపు అదా! ఏలూరు దగ్గరి గుండుగొలనులో 1880లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టి, బాగా సాగుతున్న ఆ వృత్తిని దేశం కోసం వదులుకున్నవాడు. జీతం మీద బ్రతికే నాబోటి ఆసుపత్రి వైద్యుడికి ఆ వదులుకోవడం ఎంతటిదో చెప్పనక్కరలేదు.

అయితే పట్టాభిగారిని ఒంటరిగా తలచుకోవడం కూడా సరికాదు. ఆయన, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు కలిసి పనిచేసిన మిత్రత్రయం. 1902లో వెలువడిన కృష్ణాపత్రికకు ముట్నూరివారు 1907 నుంచి 1945లో మరణించేదాకా సంపాదకులు. 1910లో జాతీయ కళాశాల ఏర్పడింది. దాని ప్రాణం హనుమంతరావుగారు. 1923లో పట్టాభిగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. పత్రిక, విద్య, పరపతి: పరాధీనమైన జాతికి ఏయే అవయవాలు చచ్చుబడ్డాయో సరిగ్గా పసిగట్టిన చికిత్స ఇది. ముగ్గురు మనుషులు ఒక చిన్న రేవు పట్టణంలో కూర్చుని ఇది చేశారు.

పేరు ఎంత అశాశ్వతమో కూడా ఆ బ్యాంకే చూపింది. నూరేళ్లు నిండడానికి మూడేళ్ల ముందు, 2020 ఏప్రిల్ 1న, అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది, బోర్డులు మారాయి. ఆ కళాశాలలోనే పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్యగారికి జెండా వల్ల పేరు నిలిచింది. పత్తి మీద, వజ్రాల మీద ఆయన చేసిన కృషి మాత్రం 'పత్తి వెంకయ్య', 'డైమండ్ వెంకయ్య' అనే ముద్దుపేర్ల దగ్గరే ఆగిపోయింది. 1963లో ఆయన పేదరికంలోనే కన్నుమూశారు.

నేనుంటున్న ఇంగ్లండులో ఒక మంచి అలవాటు ఉంది. 1866 నుంచి లండనులో ప్రముఖులు నివసించిన, పనిచేసిన ఇళ్ల గోడలకు ఫలకాలు పెడుతున్నారు. నీలిరంగు బిళ్ల మీద పేరు, సంవత్సరాలు, ఆయన ఎవరో ఒక్క మాట. మనిషి పోయి ఇరవై ఏళ్లు దాటితేగాని పెట్టరు. అందువల్ల అభిమానం వేడి చల్లారాక మిగిలేదేదో తేలుతుంది. బస్సు కోసం నిలబడినవాడు కూడా చదువుతాడు.

ప్రవాసులమైన మేమూ ఇందులో దోషులమే. శిలాఫలకంపై దాతల పేర్లు చెక్కుతారు గనుక విగ్రహానికి చందా త్వరగా పోగవుతుంది. ముట్నూరివారి సంపాదకీయాలను ఏరి, నేటి విద్యార్థికి అర్థమయ్యే వివరణలతో చవకగా అచ్చువేద్దామంటే, చదివేవారెవరని అడుగుతాం. చదివేవారు లేరని పుస్తకం వేయకపోవడం, రోగులు రారేమోనని ఆసుపత్రి కట్టకపోవడం లాంటిది. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చేరే పిల్లలకు తొలి వారంలోనే, ఇదే ఊళ్లో స్టెతస్కోపు పక్కనపెట్టి బ్యాంకు పెట్టిన డాక్టరు ఒకాయన ఉండేవాడని చెప్పడానికి ఖర్చేమీ కాదు.

మొదటి ఫలకం ఎక్కడ పెట్టాలని నన్నడిగితే, జాతీయ కళాశాల నడిచిన చోట, కోపల్లె హనుమంతరావుగారి పేరున అంటాను. ఆ ముగ్గురిలో అందరికంటే ముందు మరచిపోయింది ఆయననే.