మాత్రలు మాని బాదం తింటే చాలునా?

ప్రశ్న: మావారి వయస్సు 46. ఆరు నెలలుగా ఎప్పుడూ దిగులుగా ఉంటున్నారు. నిద్ర పట్టదు, అన్నం సయించదు. డాక్టరుగారు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. రెండు నెలలుగా వాడుతున్నారు, కాస్త తేరుకున్నారు. బాదం, అక్రోటు తింటే ఈ జబ్బు పోతుందట, ఇక మాత్రలు మానేయమని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మాత్రలు మాత్రం మాన్పించకండి.

మీ అత్తగారి మాట బొత్తిగా కొట్టివేయదగినది కాదు. బ్రిటన్‌లో 13 వేలకు పైగా మనుషులను సుమారు ఐదేళ్లు గమనించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు 30 గ్రాముల వరకు, అంటే ఒక గుప్పెడు, ఇలాంటి పప్పులు తినేవారిలో డిప్రెషన్ 17 శాతం తక్కువగా కనిపించింది. అయితే వారంతా మొదట్లో ఆ జబ్బు లేనివారు. వచ్చిన జబ్బును పప్పులు నయం చేస్తాయని దాని అర్థం కాదు. స్పెయిన్‌లో పప్పులు కలిపిన ఆహారం ఇచ్చి చూసిన ప్రయోగంలోనూ (2013) మధుమేహం ఉన్నవారిలో తప్ప మేలు స్పష్టంగా తేలలేదు.

డిప్రెషన్‌కు వాడే మాత్రలు గుణం చూపడానికే కొన్ని వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, నిద్ర చెడడం, ఆందోళన కలుగుతాయి, జబ్బు తిరగబెట్టవచ్చు. బాగానే ఉందని మధ్యలో మానేసి, మొదటికంటే నీరసించి మా ఆసుపత్రికి మళ్లీ వచ్చినవారిని ఎందరినో చూశాను. ఎప్పుడు, ఎలా తగ్గించాలో మీ డాక్టరుగారే చెప్పాలి.

పప్పులు నిరభ్యంతరంగా పెట్టండి. బాదం ఖరీదనుకుంటే వేరుశనగపప్పు ఉంది. పోషక విలువల్లో అదేమీ తీసిపోదు. ఉప్పు, నూనె లేకుండా దోరగా వేయించినవి గుప్పెడు చాలు. బూజు పట్టినవి, చేదెక్కినవి పారవేయండి. పడనివారు ముట్టరాదు.

ఆయన ఎప్పుడైనా బతకాలని లేదంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు రాత్రింబగళ్లు ఉచితంగా తెలుగులోనే సలహా ఇస్తారు.

పప్పులు అత్తగారిని పెట్టనివ్వండి. మాత్ర సంగతి మీరు చూసుకోండి.