సమావేశాల్లో సుద్దముక్కకు చోటు

వరిలో సుడిదోమ ఉధృతిని తగ్గించడానికి ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలాలన్న సిఫారసు విస్తరణ రంగంలో ఉన్నవారందరికీ కంఠస్థమే. నాట్లకు ముందు జరిగే ప్రతి సమావేశంలోనూ ఈ వాక్యం వినిపిస్తుంది. రైతులు తల ఊపుతారు. అయితే దాన్ని విన్న పదిమంది మనసుల్లోనూ పది వేర్వేరు మళ్ళు ఉంటాయి. 2 మీటర్లు అన్నది బాట నడుమ నుండి బాట నడుమకా, అంచు నుండి అంచుకా? సాళ్ళ మధ్య మామూలుగా ఉండే ఎడం ఈ 20 సెంటీమీటర్లలో కలిసినదేనా, దానికి అదనమా? మడి ఉత్తర దక్షిణాలుగా పొడవైనదైతే బాటలు పొట్టివై, సంఖ్యలో ఎక్కువవుతాయి కదా, అప్పుడు నాటే కూలీలు అందుకు ఒప్పుకుంటారా? మాట వింటున్నంతసేపూ ఈ ప్రశ్నలు పుట్టవు. నల్లబల్లపై ఒక దీర్ఘచతురస్రం గీసి, ఒక పక్కన ఉదయిస్తున్న సూర్యుణ్ణి పెట్టి, లోపల రెండు జంట గీతలు లాగి చూడండి. వెనుక వరుసలో కూర్చున్న రైతు సైతం లేచి, మా మడి అలా ఉండదండీ అంటాడు.

విస్తరణలో చిత్రం చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. సందేహాలను తీర్చడానికన్నా ముందు అది వాటిని బయటికి రప్పిస్తుంది. అందుకు అందమైన చిత్రం అక్కరలేదు. అందరి ఎదుటా, అప్పటికప్పుడు, చెరిపి దిద్దుకొనే వీలుతో గీసిన మోటు గీత కావాలి. మన సమావేశాల్లో నానాటికీ కొరవడుతున్నది ఆ మోటు గీతే.

విస్తరణ విద్య పాఠాల్లో చిత్రాలు సాధారణంగా దృశ్య శ్రవణ ఉపకరణాల అధ్యాయంలో, చార్టులు, ఫ్లాష్‌కార్డుల సరసన కనబడతాయి. చదువురానివారికి విషయం బోధపరచే సాధనాలుగా విద్యార్థులు వాటిని గుర్తుంచుకుంటారు, పరీక్ష కాగానే మరచిపోతారు. చరిత్ర మాత్రం మరొక విధంగా ఉంది. 1970ల చివర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయి విశ్వవిద్యాలయంలో గోర్డన్ కాన్వే, ఆయన సహచరులు వ్యవసాయ పర్యావరణ వ్యవస్థల విశ్లేషణ అనే పద్ధతికి రూపకల్పన చేశారు. వారి ముందున్న చిక్కు శాస్త్రవేత్తలతోనే. నేల శాస్త్రం, కీటక శాస్త్రం, ఆర్థిక శాస్త్రం చదివినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నా ఎవరి పరిభాష వారిదే. ఋతుపట్టికలు, భూమి ఎత్తుపల్లాలను చూపే అడ్డుకోత చిత్రాలు, సరుకుల రాకపోకలను చూపే బాణం గీతలు వారిచేత ఒకే పొలాన్ని గురించి మాట్లాడించాయి. అంటే ఈ సరళ చిత్రాల తొలి లబ్ధిదారులు డాక్టరేటు పట్టాలు ఉన్నవారు. దీనిని మన శాఖలో ఎక్కడా గట్టిగా చెప్పుకోకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

1980ల చివరికి ఆ చిత్రాలు పల్లెలకు చేరాయి. కర్ణాటకలో మైరాడా, గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సహాయ కార్యక్రమం వంటి సంస్థలు, రాబర్ట్ ఛాంబర్స్ వంటి పండితులు కలిసి భాగస్వామ్య గ్రామీణ సమీక్షకు ఒక రూపం ఇచ్చినప్పుడు సుద్దముక్క గ్రామస్థుల చేతికి మారింది. కాగితం స్థానంలో నేల, కలం స్థానంలో ముగ్గుపిండి, అంకెల స్థానంలో చింతగింజలు, గులకరాళ్ళు వచ్చాయి. నేలపై గీతకు తెలుగు పల్లెలో కొత్తగా ఎవరూ శిక్షణ ఇవ్వనక్కరలేదు. చుక్కల లెక్క తప్పకుండా వాకిలి నింపగల చేతులు ప్రతి ఇంటా ఉన్నాయి. ఆ చేతులు మన సమావేశాలకు ఎంత తరచుగా వస్తున్నాయన్నది వేరే ప్రశ్న. దాని సంగతి తరువాత.

గీతకూ నిర్ణయానికీ ఉన్న సంబంధం పొలంబడిలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరిపై 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. సుడిదోమ విజృంభణకు ఆ మందులే దోహదం చేస్తున్నాయని అప్పటికి తేలింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అక్కడ పొలంబడులు మొదలయ్యాయి. రైతులు చిన్న బృందాలుగా ఉదయమే పొలంలోకి దిగి, దుబ్బులను పరిశీలించి, గట్టుకు వచ్చి పెద్ద కాగితంపై చూసినదంతా గీస్తారు. మధ్యలో మొక్క, ఒక పక్క శత్రు పురుగులు, మరొక పక్క మిత్ర పురుగులు, పైన ఎండో మబ్బో, కింద నీరు. అంతా గీశాకే ఈ వారం ఏం చేయాలన్న చర్చ. ఇందులోని కీలకం బొమ్మ ఎంత బాగుందన్నది కాదు. ప్రతి పురుగునూ ఏదో ఒక పక్కన గీసి తీరాలన్న నిర్బంధమే కీలకం. మిరిడ్ నల్లి చూడటానికి దోమలాగే ఉంటుంది, సుడిదోమ గుడ్లను తిని బతుకుతుంది. దాన్ని ఏ పక్కన గీయాలన్న వాదులాట మొదలైన బృందానికి మిత్ర పురుగులపై ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం చాలావరకు తీరిపోతుంది. అదే చార్టును ముందురోజు రాత్రి శిక్షకుడే రంగులతో గీసి, తనిఖీకి వచ్చినవారికి కనబడేలా గోడకు తగిలిస్తే దానితో వాదించేవారు ఉండరు. అలాంటి చార్టులు మనలో చాలామంది చూసినవే.

ఫోటో ఉండగా గీత ఎందుకని అడిగేవారికి కత్తెర పురుగు ఒక్కటి చాలు. మన దేశంలో 2018లో మొదట కర్ణాటకలో మొక్కజొన్నపై గుర్తించిన ఈ పురుగు త్వరలోనే తెలుగు రాష్ట్రాలకూ పాకింది. దానిని పోల్చుకోవడానికి రెండు ఆనవాళ్ళు కావాలి. తలపై తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం వంటి గుర్తు, తోక వైపు చివరి నుండి రెండవ ఖండంపై చతురస్రాకారంలో నాలుగు చుక్కలు. ఫోటోలో ఈ రెండూ ఉంటాయి. వాటితో పాటు వెంట్రుకలు, చారలు, విసర్జితాలు, ఆకు మీది వెలుగునీడలూ ఉంటాయి. రంగు పురుగుకూ పురుగుకూ మారుతుంది. ఫోటోలో గోధుమరంగు పురుగును చూసినవారు తమ చేనిలో ఆకుపచ్చగా ఉన్నదాన్ని వేరొకటి అనుకోవచ్చు. గీతకు ఉన్న బలం అది వదిలేసిన వాటిలో ఉంది. ఒక పొడవాటి సంచి, దాని తలపై ఒక గుర్తు, తోక దగ్గర నాలుగు చుక్కలు, అంతే. రైతు ఇంటికి వెళ్ళి ఆ బొమ్మను తానే తిరిగి గీయగలడు. అయితే బల్లపై పురుగు మూరెడు పొడవు ఉంటుంది కాబట్టి పక్కనే దాని అసలు పొడవుకు సరిపోయే చిన్న గీత ఒకటి తప్పక గీయాలి. కీటక శాస్త్ర గ్రంథాల్లో ఈ సంప్రదాయం ఎప్పటి నుండో ఉంది. గ్రామ సమావేశాలకు వచ్చేసరికి దాన్ని విడిచిపెడుతున్నాం.

బొమ్మ అయితే అందరికీ దానంతట అదే అర్థమవుతుందన్న నమ్మకం కూడా సరైనది కాదు. వరిలో తడిపి ఆరబెట్టే పద్ధతికి వాడే నీటి గొట్టాన్నే తీసుకుందాం. 30 సెంటీమీటర్ల గొట్టం. అందులో రంధ్రాలున్న 20 సెంటీమీటర్లు నేలలో, మిగిలిన 10 నేలపైన. లోపలి నీటిమట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్లు దిగువకు పోయినప్పుడు మళ్ళీ తడి ఇవ్వాలి. దీనిని మనం సహజంగా అడ్డుకోత చిత్రంగా గీస్తాం. మడిని కత్తితో కోసినట్లు చూపడం కళాశాలలో నేర్చుకున్న అలవాటు. అలా కోసిన మడిని ఎవరూ చూడలేదు. కానీ తవ్వుతున్న బావి గోడను, గండి పడిన కాలువ గట్టును అందరూ చూశారు. ముందుగా బావి గోడను గీసి, దానిలో నేల పొరలను చూపి, ఆ తరువాత గొట్టాన్ని దింపితే చిత్రం నిలుస్తుంది. నేరుగా గొట్టంతో మొదలుపెడితే చాలామందికి అది చేనులో పాతిన గుంజగానే కనబడుతుంది. ఇందుకు ప్రతిగా, గ్రామస్థులు తాము గీసే పటాల్లో చెరువును పైనుండి, గుడిని ఎదుటి నుండి చూసినట్లు ఒకే పటంలో గీస్తారు. దానిని సరిదిద్దాలన్న ఉబలాటం మనకు కలుగుతుంది. సరిదిద్దకూడదు. ఆ పటం వారికి దారి చూపుతున్నంతవరకు అందులో తప్పు లేదు.

ఇక పరిశోధన విస్తరణ సలహా మండలి సమావేశాల వంటి మన సొంత వేదికల సంగతి. ఇక్కడ చదువురాని శ్రోతలు లేరు కాబట్టి గీత అవసరం లేదనుకున్నాం. దాని స్థానంలో స్లైడు వచ్చింది. స్లైడుపై నాకు ద్వేషం లేదు. దిగుబడి పట్టికను చూపడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. కానీ స్లైడు గదిలోకి వచ్చేసరికే దాన్ని తయారుచేసినవారి ఆలోచన ముగిసిపోయి ఉంటుంది. దానిపై చేయి చేసుకొనే వీలు మరెవరికీ లేదు. ప్రశ్న అడగవచ్చు, జవాబు వినవచ్చు, తరువాతి స్లైడు వస్తుంది. ప్రతి సమావేశంలోనూ ఒకే ఒక్క సమస్యకు పావుగంటసేపు తెల్లబల్లను కేటాయించాలని నా ప్రతిపాదన.

పత్తిలో గులాబీరంగు పురుగు అందుకు తగిన సమస్య. బల్లపై పన్నెండు గడులు గీసి నెలల పేర్లు రాయండి. కీటక శాస్త్రవేత్త పురుగు ఏ నెలలో ఎక్కడ ఉంటుందో చుక్కలు పెట్టాలి. పూతలో, కాయలో, ఆపైన మోళ్ళలో, మిగిలిపోయిన గుడ్డికాయల్లో, జిన్నింగు మిల్లుల్లోని గింజల్లో. క్షేత్రంలో పనిచేసే వ్యవసాయ అధికారి అవే గడుల కింద తన మండలంలో రైతులు నిజంగా పత్తిని ఎంతవరకు ఉంచుతున్నారో గీత లాగాలి. డిసెంబరు తరువాత పంటను పొడిగించవద్దని మనం చెబుతున్నాం. నీటి వసతి ఉన్నచోట ఆ గీత ఫిబ్రవరి, మార్చి గడుల్లోకి సాగుతుంది. పంటను ఎందుకు ఉంచుతున్నారో, తీసేస్తే ఆ గడుల్లో ఏ పంట ఇమిడి లాభం ఇస్తుందో సేద్య విభాగం వారు అక్కడే గీసి చూపవలసి వస్తుంది. గీయలేకపోతే ఆ గడి ఖాళీగా మిగులుతుంది. మన సిఫారసు ఎందుకు అమలు కావడం లేదన్న ప్రశ్నకు ఆ ఖాళీ గడే జవాబు. అరవై స్లైడుల్లో అది ఎవరి కంటా పడదు. ఎందుకంటే ఖాళీ గడిని స్లైడుగా తెచ్చేవారు ఉండరు.

బొమ్మలు గీయడం రాదన్న అభ్యంతరం ఉండనే ఉంది. రాకపోవడమే మేలు. చక్కని బొమ్మను చూసి జనం మెచ్చుకుంటారు, దాన్ని చెరపడానికి వెనుకాడతారు. ఒక నిలువు గీత, రెండు ఆకులు ఉంటే అది మొక్క. పక్కన తెలుగులో పేరు రాస్తే సరి. గీస్తున్నప్పుడు మాట ఆపడం, శ్రోతలకు వీపు చూపి ఎక్కువసేపు నిలబడకపోవడం అభ్యాసంతో వస్తాయి. రైతువేదికలో వందమంది ఉంటే బల్ల కనబడదన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. అప్పుడు బృందాలుగా విడదీసి నేలపై గీయించాలి.

రావెప్ విద్యార్థుల విషయంలో ఒక మాట. గ్రామంలో జనం గీసిన పటాన్ని హాస్టలులో మళ్ళీ చార్టుపైకి ఎక్కించి, రంగులద్ది, థర్మోకోల్ చెట్లు అతికించి మార్కులు పొందే అలవాటు స్థిరపడిపోయింది. ఆ ప్రయత్నంలో చెరిపి దిద్దిన గుర్తులన్నీ పోతాయి. కాలువను ముందు ఒకచోట గీసి, గొడవపడి, మరొకచోటికి మార్చిన జాడలోనే గ్రామం కథ ఉంది. మూల్యాంకనం చేసేవారు చార్టును పక్కనపెట్టి, నేలపై పటం గీస్తుండగా వేర్వేరు దశల్లో తీసిన ఫోటోలను చూపమని అడిగితే ఒక్క ఏడాదిలో ఈ అలవాటు మారుతుంది.

ఇప్పుడు ఆ చేతుల సంగతి. సుద్దముక్క ఎవరి చేతిలో ఉందన్నది ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. రచ్చబండ దగ్గర ఊరి పెద్దలు గీసిన పటంలో భూములు పట్టాదారుల పేర్లతో ఉంటాయి. ఆ భూమిని దున్నుతున్న కౌలు రైతు పటంలో ఉండడు. పటం ఆధారంగా విత్తనాలకో ప్రదర్శన క్షేత్రాలకో జాబితా తయారైతే అందులోనూ ఉండడు. ఆడవారి చేత విడిగా గీయిస్తే తాగునీటి బావి, గడ్డి కోసే గట్లు, వంటచెరకు దొరికే చోటు పటంలోకి వస్తాయి. అందుచేత ఒకే పటంతో తృప్తి పడకూడదు. మడిలో పట్టాదారు పేరు రాయించే ముందు, ఈ ఏడాది ఇక్కడ నాగలి కట్టింది ఎవరు అని అడగాలి. స్త్రీల పటాన్ని, కౌలుదారుల పటాన్ని, పెద్దల పటాన్ని పక్కపక్కన పెట్టి, ఏవి ఎక్కడ కలవడం లేదో వారినే చెప్పమనాలి. ఇది కాలం పట్టే పని. కొన్నిచోట్ల ఇబ్బంది కలిగించే పని కూడా. కానీ దీనిని దాటవేసి గీసిన పటం ఊళ్ళోని అసమానతను విశ్వవిద్యాలయం ముద్రతో రికార్డులోకి ఎక్కిస్తుంది.

సమావేశం ముగిశాక ఆ కాగితం ఏమవుతున్నదన్నది కూడా తేలవలసిన విషయమే. ఇప్పటి ఆచారం ప్రకారం దాన్ని చుట్టి జీపులో పెట్టుకొని మనమే తెచ్చుకుంటాం. నివేదికలో ఒక ఫోటో అచ్చవుతుంది, చుట్ట బీరువా పైకి చేరుతుంది. ఇది తిరగబడాలి. తేదీ, గీసినవారి పేర్లు రాసిన అసలు కాగితం గ్రామంలోనే, రైతు సంఘం వద్దనో పాఠశాలలోనో ఉండాలి. ఫోటో మాత్రం కార్యాలయానికి రావాలి. మరుసటి ఏడాది నాట్లకు ముందు మనం వెళ్ళినప్పుడు కొత్త కాగితం పరచకుండా ఆ పాతదాన్నే తెప్పించి, ఏది మారిందో దానిమీదే వేరొక రంగుతో గీయించవచ్చు.