'ప్రచార యావ' ఎవరిది?

తొలి నవల అచ్చువేసుకున్న స్త్రీ గురించి మన సాహిత్య వర్గాల్లో తరచుగా వినిపిస్తున్న మాట 'ప్రచార యావ'. అట్టబొమ్మ ఫేస్‌బుక్‌లో పెట్టిందట. వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపిందట. ఆవిష్కరణకి రమ్మని మూడుసార్లు ఫోన్ చేసిందట. పుస్తక ప్రదర్శనలో స్టాల్ ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళకి తన నవలే చూపించిందట. 'రచన మాట్లాడాలి గానీ రచయిత్రి కాదు' అని చివర్న ఒక ముక్తాయింపు. ఈ మాటలు మగ విమర్శకులు మాత్రమే అంటుంటే ఈ వ్యాసం అక్కర్లేదు. వాళ్ళకి మనం ఎప్పట్నుంచో జవాబులు చెబుతూనే ఉన్నాం. స్త్రీల సదస్సుల్లో, భోజన విరామంలో, మనమే అంటున్నాం. అందుకే రాయాల్సి వస్తోంది.

రచన తనంతట తాను మాట్లాడిన కాలం ఎప్పుడుంది? యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి ఎవరి గుమ్మమూ తొక్కి తమ నవలలు అమ్ముకోలేదు కదా అంటారు. నిజమే. 1960, 70లలో వార, మాసపత్రికలు ఆ పని చేశాయి. సీరియల్ మొదలవడానికి ముందే ప్రకటన, ప్రతి భాగానికీ బొమ్మ, ఉత్తరాల పేజీలో పాఠకుల వాదోపవాదాలు. సీరియల్ ముగిసే వేళకి కొనేవాళ్ళు సిద్ధంగా ఉండేవారు. ప్రచురణకర్తకి అంతకంటే ఏం కావాలి? ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం పథకంతో నవలలు ఇళ్ళకే చేరాయి, మిగిలిన పని వీధి చివర అద్దె పుస్తకాల షాపు చేసింది. ఇదంతా ప్రచారం కాక మరేమిటి? జీతాలు తీసుకునేవాళ్ళు, లాభం చూసుకునేవాళ్ళు ఆ పని చేశారు గనుక రచయిత్రికి ఆ మరక అంటలేదు, అంతే.

అయినా నిందలు తప్పాయా? వంటింటి రచనలన్నారు, కాలక్షేపమన్నారు. అదే సమయంలో స్త్రీల నవలలకి ఉన్న గిరాకీ చూసి ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్ళున్నారు. ఆ సంగతి సాహిత్య చరిత్రలో ఇప్పటికీ ఒక చమత్కారంగానే చెప్పుకుంటారు. మార్కెట్ కోసం పేరే మార్చుకున్నవాడిది చమత్కారం, సొంత పేరు పదిమందికి చెప్పుకున్న ఆమెది యావ!

రంగనాయకమ్మగారి అభిప్రాయాలతో ఎవరికెన్ని విభేదాలైనా ఉండొచ్చు (నాకూ ఉన్నాయి). కానీ స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసి, తక్కువ ధరకి పాఠకులకి చేర్చిన పద్ధతిని మన పరిశోధనలు ఎందుకు పట్టించుకోవు? ఆవిడ నవలల మీద, సిద్ధాంతాల మీద రాస్తాం. కాగితం ఖర్చు, వెల, అమ్మకం సాహిత్య విషయాలు కావని మనకెవరు చెప్పారు?

ఆ పాత వ్యవస్థ ఇప్పుడు లేదు. ఎన్నో వారపత్రికలు మూతపడ్డాయి. నెలకో పూర్తి నవల ఇచ్చిన 'చతుర' కూడా 2021లో ఆగిపోయింది. ఛాయ, అన్వీక్షికి లాంటి కొత్త సంస్థలు కొత్తవాళ్ళని వేస్తున్నాయి, సంతోషమే. కానీ రాసేవాళ్ళందరికీ అక్కడ చోటు దొరకదు గదా. మిగిలినవాళ్ళు డిటిపి చేయించుకుని, ప్రూఫులు తామే దిద్దుకుని, రెండు మూడు వందల కాపీలు డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించుకుంటారు. లెక్క చూడండి. 200 రూపాయల వెల పెట్టిన నవలకి అమ్మిపెట్టేవారికి 40 శాతం పోతే ఆమె చేతికొచ్చేది 120. కాపీకి అచ్చుఖర్చు 100 అయిందనుకుంటే మిగిలేది 20. డబ్బు వచ్చేదెప్పుడో, అమ్ముడుపోని కాపీలు తిరిగొచ్చేదెప్పుడో తెలీదు. ఆ పెట్టుబడి ఎక్కడిది? ఉద్యోగం చేసే స్త్రీ కూడా తన జీతంలోంచి 30 వేలు నవలకి తీయాలంటే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలి. చీటీ పాడుకునో, గాజులు కుదువపెట్టో వేసుకున్న నవలలున్నాయి. అమ్ముడుపోని కాపీలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా ఆ పెట్టెలు జరిపేది ఆమే, 'ఇవెప్పుడు వదులుతాయి?' అనే మాట పడేదీ ఆమే.

ఇక ఆవిష్కరణ సభ. హాలు అద్దె, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, టీ, సమోసా అన్నీ ఆమె ఖర్చే. వేదిక మీద ఏడుగురు ఉంటే ఆరుగురు మగవాళ్ళు. అధ్యక్షుడు 'మా చెల్లెమ్మ' అని మొదలుపెడతాడు. ఆవిష్కర్త నవల చదవడానికి సమయం చిక్కలేదని నవ్వుతూ చెప్పి, తన నవల గురించి అరగంట మాట్లాడతాడు. ఇంకొకాయన ఇంటిపనులు చూసుకుంటూనే ఇంత రాసినందుకు ఆమెని, రాయనిచ్చినందుకు భర్తగారిని అభినందిస్తాడు. భర్తకీ ఒక శాలువా. రాత్రి తొమ్మిదవుతుండగా, సగం హాలు ఖాళీ అయ్యాక, 'రచయిత్రి స్పందన, ఐదు నిమిషాలు'. ఏడేళ్ళు రాసిన మనిషికి ఐదు నిమిషాలు! ఆ ఐదు నిమిషాల్లో కూడా ఆమె కృతజ్ఞతలే చెబుతుంది. మర్నాడు తన నవల గురించి తన మాటల్లో నాలుగు వాక్యాలు ఫేస్‌బుక్‌లో రాసుకుంటే, అదిగో అది సొంత డబ్బా. (డప్పు కొట్టుకోవడం తిట్టు ఎలా అయిందో, అందులో కులం ఎంతుందో మరో వ్యాసం.)

మగ రచయితలు ప్రచారం చేసుకోరా? చేసుకుంటారు, కానీ కనపడదు. సాయంత్రం ఆరు గంటల సభలు, సభ తర్వాత టీ బంకు దగ్గర గంటన్నర కబుర్లు, ఊళ్ళు తిరిగే స్నేహాలు, ఒకరి పుస్తకానికి ఇంకొకరి సమీక్ష. తన పేరు తాను చెప్పుకోనక్కర్లేదు, నలుగురు మిత్రులు చెబుతారు. దానికి మనం పెట్టిన పేర్లు 'సాహితీ వాతావరణం', 'నిబద్ధత'. ఏడింటికల్లా ఇల్లు చేరి కుక్కర్ పెట్టాల్సిన మనిషికి ఆ వాతావరణం ఎక్కడ దొరుకుతుంది? ఆమె చేతిలో ఉన్నది ఫోనొక్కటే. ఆమె ప్రచారం కంటపడేది ఆమెకి యావ ఎక్కువై కాదు, ఒంటరిగా చేస్తోంది గనుక.

ఇక్కడ స్త్రీవాదులుగా మన లెక్క కూడా తీయాలి. మనం గొప్ప సంకలనాలు తెచ్చాం. 1993లో 'నీలిమేఘాలు', 2003లో దళిత స్త్రీల సాహిత్యంతో 'నల్లపొద్దు'. సంకలనంలో ఎవరూ ఒంటరి కారు. ఒకరి పేరు చెబితే పదిమంది పేర్లూ వినపడతాయి. నవల అలా ఇమడదు. ఏళ్ళ తరబడి ఒక్కతే కూర్చుని రాసేది, ఒక్కతే మోసుకు తిరగాల్సింది. కవయిత్రికి, కథకురాలికి దొరికిన ఆ బలగం నవలాకారిణికి దొరకలేదు. అకాడమీ చరిత్రా అదే చెబుతోంది. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఇల్లిందల సరస్వతీదేవికి 1982లో, అబ్బూరి ఛాయాదేవికి 2005లో, ఓల్గాకి 2015లో కథలకే వచ్చింది. నవలకి 1992లో మాలతీ చందూర్‌కి వచ్చింది. ఏ ప్రక్రియని స్త్రీలు లక్షలాది ఇళ్ళకి చేర్చారో, ఆ ప్రక్రియలో వాళ్ళకి దక్కిన గుర్తింపు అది.

మరి గ్రంథాలయాలు? 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమే కడుతున్నాం. స్థానిక సంస్థలు ఆ డబ్బు సరిగా జమచెయ్యవు, పుస్తకాల కొనుగోలు ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. ఆ కొనుగోలు సక్రమంగా జరిగితే ఆ మంచం కింద పెట్టెలు చాలావరకు ఖాళీ అయ్యేవి. యావ గురించి మాట్లాడేవాళ్ళు సెస్సు గురించి ఒక్క తీర్మానమైనా చేశారా?

డబ్బు తీసుకుని బిరుదులిచ్చే సంస్థల్ని, ప్యాకేజీలు కట్టి సమీక్షలు అమ్మేవాళ్ళని నేను సమర్థించడం లేదు. వాళ్ళు బతికేదే ఈ ఖాళీలో. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఆ ఖాళీని ఎంత పూడ్చాం? 'ఒక కాపీ పంపించమ్మా, వీలుచూసుకుని రాస్తాను' అంటాం. వీలు చిక్కదు. పుస్తకం మాత్రం మన బీరువాలో ఉంటుంది, పోస్టు ఖర్చుతో సహా ఆమె నెత్తినే పడుతుంది. పరిశోధక విద్యార్థి కొత్త రచయిత్రి నవల తీసుకుంటానంటే 'ఇంకా పేరు రాలేదు కదా' అని మళ్ళిస్తాం. పేరు ఎలా వస్తుందనుకుంటున్నాం?

ఈ ఏడాది వచ్చిన తొలి నవలల్లో ఒకదాన్ని వెల చెల్లించి కొందాం. చదివి, నచ్చకపోతే నచ్చలేదనే రెండు పేజీలు రాద్దాం. ఆమెకి కావలసింది మెచ్చుకోలు కాదు, చదివిన జాడ. సెమినార్‌కి పిలిచి, ఐదు నిమిషాలు కాదు, గంట ఇద్దాం. ఇవన్నీ చేశాక కూడా ఆమె స్టాల్ ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ళని పిలుస్తుంటే, అప్పుడు మాట్లాడుకుందాం ప్రచార యావ గురించి.