నీళ్లు వదిలే మనిషి కాలు జారితే ఎవరిది బాధ్యత?

పుట్టపర్తి: ఒక్కపూట కుళాయి రాకపోతే ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు చేరుతుంది. ఆ నీళ్లు వదలడానికి చలిలో, చీకటితో లేచిపోయే మనిషి ట్యాంకు మీద కాలు జారి పడితే మాత్రం అతని తలరాత అని సరిపెట్టుకుంటాము. ఇది తలరాత కాదు, ఆపదగిన ప్రమాదమే.

పూర్వం చెరువు తూము తీసి నీరు పంచడం నీరుగంటి పని. ఇప్పుడు ఆ పని వాల్వు తిప్పే మనిషి చేతికి వచ్చింది. 1994 నవంబరులో సత్యసాయిబాబా ప్రకటించిన తాగునీటి పథకం అప్పటి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరందించింది. ఊరూరా నీరు వచ్చింది. దానితోపాటు ఎత్తైన ట్యాంకులు, ఇనుప నిచ్చెనలు, వాల్వు గుంతలు కూడా వచ్చాయి.

చలిదేశాలలో నీటి కార్మికులు గడ్డకట్టిన మంచుమీద జారుతారు. మన దగ్గర ఆ పని పాచి చేస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు మెట్లమీద పట్టిన పాచి, ఆ తరువాత పడే మంచుకు ఆరదు. నిచ్చెన కమ్మీలు తడిసి ఉంటాయి. చలికి వేళ్లు కొంకర్లు పోయి పట్టు దొరకదు. వాల్వు కారితే గుంతలో బురద నిలుస్తుంది. మూత లేని గుంత చీకట్లో కనిపించదు.

గమనించవలసిన విషయం ఒకటుంది. తెల్లవారకముందే తిప్పవలసిన వాల్వు నేలమీదనే ఉంటుంది. ట్యాంకు కడగడం, పైన మరమ్మతు చేయడం ఎండ వచ్చి నిచ్చెన ఆరిన తరువాత చేయవచ్చు. నీటిమట్టం చూడడానికయితే పైకి ఎక్కనక్కరలేదు. ట్యాంకులో తేలే బుర్రకు తాడు కట్టి, ఆ తాడు రెండవ కొసన బయట బరువు వేలాడదీస్తే చాలు. నీరు పెరిగేకొద్దీ ఆ బరువు కిందికి దిగుతుంది. కిందనుంచే లెక్క తెలుస్తుంది.

గుంతకు మూత, నిచ్చెనకు చుట్టూ కడ్డీలు, ట్యాంకు దగ్గర ఒక దీపం, అరిగిన చెప్పులకు బదులు పట్టున్న రబ్బరు బూట్లు, పైకి ఎక్కేటప్పుడు నడుముకు బెల్టు, కింద తోడుగా మరొక మనిషి ఉండాలి. పాచిని నెలకొకసారైనా బ్లీచింగు చల్లి, బ్రష్షుతో గీకి కడగాలి. ఇవేవీ పంచాయతీ భరించలేని ఖర్చులు కావు.

పనిలో గాయపడిన కార్మికునికి నష్టపరిహారం ఇవ్వాలన్న సూత్రం 1923 నుంచీ మన చట్టాలలో ఉంది. కంట్రాక్టరు కింద పనిచేసినా ఆ హక్కు పోదు. అయితే విరిగిన నడుమును ఏ పరిహారమూ నిలబెట్టలేదు. కనుక ముందు జాగ్రత్తే ముఖ్యం.

ప్రజలు కూడా సహకరించాలి. ట్యాంకు కడిగే రోజున నీళ్లు గంట ఆలస్యమైతే ఓర్చుకోవాలి. వచ్చే గ్రామసభలో నీళ్లు ఎప్పుడు వస్తాయని అడిగేవారు, మన ట్యాంకు నిచ్చెన ఎలా ఉందని కూడా అడగాలి.