యంత్రము సర్దును, మనిషి వినవలెను

సమాజశాస్త్రము, విద్యాశాస్త్రము, ప్రజారోగ్యము, నిర్వహణశాస్త్రము మున్నగు శాఖలలో వెలువడుచున్న సిద్ధాంతవ్యాసములను తిరుగవేసినచో, పరిశోధన పద్ధతిని వివరించు అధ్యాయమున ఒక వాక్యము తఱచుగా కానవచ్చును: ఇంటర్వ్యూలను ఎన్‌వివో సాఫ్ట్‌వేర్ సహాయమున విశ్లేషించితిమి అని. వ్రాసినవారును, పరీక్షించువారును ఆ ఒక్క వాక్యముతో చెప్పవలసినదంతయు చెప్పినట్లే భావించుచున్నారు. కాని ఏ మాటను ఏ శీర్షిక క్రింద చేర్చిరో, ఎందుకు చేర్చిరో, తొలి పఠనమున తోచిన భావము మలి పఠనమున ఎట్లు మారెనో ఆ వాక్యము చెప్పదు. ఈ సాధనములు మిక్కిలి యుపయోగకరములు, వానిని మన విద్యార్థులందఱును నేర్వవలెను. అయినను అవి విశ్లేషణ చేయునవి కావు, చేసినవని యొప్పుకొనుట మనతో మనసు విప్పి మాటలాడినవారి యెడ అన్యాయమని నా దృఢవిశ్వాసము.

గుణాత్మక పరిశోధనకు సామగ్రి అంకెలు గావు, మాటలు. ఒక గంట సంభాషణను రికార్డు చేసి విన్నది విన్నట్లు వ్రాసికొన్నచో పదునైదిరువది పుటలగును. అట్టివి ముప్పది నలువది చేరినప్పుడు ఏది యెక్కడ నున్నదో జ్ఞాపకముంచుకొనుట యెవరికిని సాధ్యము కాదు. అందుచేత పరిశోధకుడు ఒక్కొక్క భాగమును చదువుచు, అందలి విషయమునకొక చిన్న పేరు పెట్టును. దానినే కోడ్ అందురు. ఆ పేరు కొన్నిమార్లు పరిశోధకుడు కల్పించినది, కొన్నిమార్లు చెప్పినవాని నోట వచ్చిన మాటయే. ఒకే కోడ్ క్రిందికి వచ్చిన భాగములను ఒకదానితో నొకటి పోల్చుచు, పోలికలను భేదములను గమనించుచు, తోచిన యూహలను మెమోలుగా వ్రాసికొనుచు, క్రమముగా ఒక యభిప్రాయమునకు వచ్చుట ఈ పద్ధతికి ప్రాణము. అమెరికాలో గ్లేసర్, స్ట్రాస్ అను నిరువురు సమాజశాస్త్రజ్ఞులు ఆసుపత్రులలో మరణాసన్నులైన రోగులను, వారి చుట్టు మెలగువారిని పరిశీలించి, ఆ యనుభవముతో 1967లో ప్రకటించిన గ్రంథము ఈ నిరంతర తులనమునకొక శాస్త్రరూపమును కల్పించినది.

కంప్యూటరు రాకపూర్వము ఈ పనియంతయు కాగితముల మీదనే జరిగెడిది. ప్రతులు తీయుట, కత్తెరతో ముక్కలు చేయుట, అట్టలపై నంటించుట, కవరులలో వేఱు చేయుట పరిశోధకుల నిత్యకృత్యము. ఆ కాగితములెంత యశాశ్వతములో తెలుపుటకు సమాజశాస్త్రజ్ఞులగు ఎం. ఎన్. శ్రీనివాస్ గారి యనుభవమొక్కటి చాలును. 1948లో మైసూరు ప్రాంతమందలి రాంపురమను గ్రామమున నివసించి, తదుపరి సంవత్సరములలో వర్గీకరించి సిద్ధపఱచుకొన్న ఆయన నోట్సు మూడు ప్రతులును, 1970 ఏప్రిల్ 24న స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన నిప్పుకు ఆహుతియయ్యెను. ఆయన నిరాశ చెందక, ప్రధానముగా జ్ఞాపకము నాధారము చేసికొని వ్రాసిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ 1976లో వెలువడి, భారతీయ సమాజశాస్త్రమున శాశ్వతస్థానము నార్జించినది. ఈ వృత్తాంతమున రెండు సత్యములున్నవి. సామగ్రిని భద్రపఱచుటకు మేలైన సాధనము కావలెననుట మొదటిది. సామగ్రితో చిరకాలము సహవాసము చేసిన మనస్సే నిజమైన విశ్లేషణస్థానమనుట రెండవది.

మొదటి సత్యమే సాఫ్ట్‌వేర్‌లకు జన్మనిచ్చినది. మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రజ్ఞురాలగు లిన్ రిచర్డ్స్ తన పరిశోధనలో పోగుపడిన కాగితములతో సతమతమగుచుండగా, ఆమె భర్త టామ్ రిచర్డ్స్ 1981లో నిర్మింప నారంభించిన ప్రోగ్రామే నడిస్ట్ అను పేర వ్యాపించి, 1999లో ఎన్‌వివోగా రూపాంతరము చెందినది. జర్మనీలో ఉడో కుకార్ట్జ్ 1989లో, సుప్రసిద్ధ సమాజశాస్త్రజ్ఞుడగు మాక్స్ వేబర్ పేర వెలయించిన ప్రోగ్రామ్ నేటి మాక్స్‌క్యూడీఏకు మూలము. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున థామస్ మూర్ కృషితో రూపొందిన అట్లాస్.టిఐ 1993 నాటికి విపణిలోనికి వచ్చెను. వీని జన్మస్థానము విద్యాలయములే. వీనికి మూలము పరిశోధకుల కష్టమే. విశ్లేషణను తప్పించుకొనుటకు గాక, విశ్లేషణకు తీరిక సంపాదించుకొనుటకే ఇవి పుట్టినవి.

వీని మేలును తక్కువ చేయుట తగదు. ఒక కోడ్‌ను నొక్కినంతనే ఆ విషయమును గూర్చి అందఱును పలికిన మాటలొక్కచోట కన్నుల కట్టును. ఏ వాక్యము నుండియైనను అది పలికిన పూర్తి సందర్భమునకు తిరిగి పోవచ్చును. స్త్రీలొక విధముగను పురుషులొక విధముగను చెప్పిరా, పెద్ద రైతుల మాటకును కూలీల మాటకును భేదమున్నదా యని పట్టికలు వేసి చూడవచ్చును. అన్నింటికంటె ముఖ్యముగా, తన సిద్ధాంతమునకు ప్రతికూలమైన మాటలను పరిశోధకుడు మఱచిపోవుటకు వీలుండదు. కాగితముల రాశిలో కప్పబడిపోగల వ్యతిరేక సాక్ష్యము ఇచ్చట ఎదుటనే నిలుచును. కోడ్‌లెప్పుడు పుట్టినవో, ఎట్లు కలిసినవో, ఎట్లు చీలినవో నమోదు చేసికొన వీలుండుటవలన పర్యవేక్షకుడు శిష్యుని యాలోచనామార్గమును వెనుదిరిగి పరిశీలింపవచ్చును.

ఇంతటి యుపకరణము అపకారి యగునది ఎప్పుడన, అది యిచ్చు లెక్కను అర్థముగా స్వీకరించినప్పుడు. ఒక కోడ్ ఎన్నిమార్లు వాడబడినదో తెర మీద అంకె కనబడును. ఆ యంకెయే ప్రాముఖ్యమునకు కొలత యగుచున్నది. కాని మనుష్యులు మిక్కిలి బాధించు విషయమును పదేపదే చెప్పుకొనరు. వానల సంగతి పదిమార్లు చెప్పినవాడు కులము వలన కలిగిన యవమానమును ఒక్కమాఱు, అదియు సగము వాక్యముగా చెప్పును. చేట పొల్లును చెఱిగి వేయగలదే కాని, విత్తనమునకు ఏ గింజ నిలుపవలెనో నిర్ణయించునది రైతు కన్ను.

ఒక యుదాహరణ మూహింతము. కౌలు రైతు కుటుంబములను గూర్చిన పరిశోధనలో, భర్తను పోగొట్టుకొన్న యొక స్త్రీని అప్పుల సంగతి యడుగగా, ఆమె కొంతసేపూరకుండి, “ఏదో, దేవుని దయవల్ల బాగానే ఉన్నామమ్మా” అని, వెంటనే మాట మార్చి పిల్లవాని చదువు సంగతి యెత్తుకొనెననుకొందము. భావములను దానంతటదియే గుర్తించు ప్రోగ్రామునకు ఈ వాక్యమున దొరకునది సంతృప్తి. ఎదుట కూర్చున్న పరిశోధకురాలు విన్నది ఆమె చెప్పదలపని కథ. ఆ మౌనమును సంభాషణ వ్రాతప్రతియగు ట్రాన్స్‌స్క్రిప్టులో గుర్తింపనిచో, మఱునాడు చదువువారికి దాని జాడయే యుండదు.

తెలుగువారికి మఱియొక చిక్కు కలదు. మన భాషలో విభక్తులు, ప్రత్యయములు పదముతో కలిసిపోవును గనుక, కేవలము అక్షరములను బట్టి పదములను లెక్కించు పద్ధతి అప్పు, అప్పులు, అప్పులకు అను రూపములను వేఱ్వేఱు పదములుగా నెంచును. అక్షరముల వరుసను మాత్రమే వెదకినచో ‘అప్పుడు’ అను మాటయు అప్పుల పద్దులో చేరును. ఈ చిక్కును తప్పించుకొనుటకు మనవారనేకులు ఇంటర్వ్యూలను ముందుగానే ఆంగ్లములోనికి మార్చి, ఆ యనువాదమునే కోడ్ చేయుచున్నారు. అప్పటికి సగము విశ్లేషణ, పరీక్షకు అందని రీతిలో, అనువాదకుని చేత జరిగిపోయి యుండును. యూనికోడ్ తెలుగు పాఠమును ఈ సాఫ్ట్‌వేర్‌లలో చేర్చి, తెలుగులోనే చదువుచు కోడ్ చేయవచ్చును. ఉదాహరింపవలసిన భాగములను మాత్రము చివర అనువదించుకొనవచ్చును. స్త్రీశక్తి సంఘటన అను స్త్రీల బృందము వారు తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 1986లో ప్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మాటలను తెలుగులోనే, సమగ్రముగా నిలుపుటలో మనకు మార్గదర్శి. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి యనుభవములను శీర్షికల క్రింద ముక్కలు చేయక, జీవితకథలుగా నిలిపినందుననే ఆ గ్రంథమున ఒక సంఘటనకును తరువాతి సంఘటనకును గల సంబంధము చెడక నిలిచినది.

ఇరువురు వేఱ్వేఱుగా కోడ్ చేసి, వారి యేకాభిప్రాయమును 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా సూచికతో కొలిచినచో నిష్పాక్షికత సిద్ధించునని కొందఱందురు. యాదృచ్ఛికముగా కలిగిన పొంతనను మినహాయించి మిగిలిన యేకాభిప్రాయమెంతయో ఆ సూచిక చూపును. బృందములు తమ నిర్వచనములను సరిచూచుకొనుటకది మంచి సాధనమే. అయితే పైపైన చదివిన యిరువురు చక్కగా నేకీభవింపవచ్చును. వారెచ్చట భేదించిరో అచ్చట ఆగి చర్చించుటయే హెచ్చు ఫలప్రదము.

యంత్రమిచ్చినదానినే అర్థముగా స్వీకరించు సమస్య 2023 నుండి తీవ్రతరమైనది. ఆ యేడు అట్లాస్.టిఐ, ఓపెన్‌ఏఐ వారి భాషానమూనాల సహాయమున ట్రాన్స్‌స్క్రిప్టులను స్వయముగా కోడ్ చేయు సౌకర్యమును ప్రవేశపెట్టెను. ఇతరులు నదే బాట పట్టిరి. వారముల పని నిమిషములలో ముగియుచున్నది. ఈ వేగమును నేను నిరాకరింపను: తాను చదివి ముగించిన పిమ్మట, తన కంట బడనిదేమైన నున్నదాయని యంత్రమునడుగు పరిశోధకునికి దానివలన లాభమే. చదువుటకు ముందే యడిగినవాడు యంత్రము చూపినదానినే చూచును. మఱియు, ఇంటర్వ్యూ ఇచ్చినవారి మాటలు ఏ సర్వర్లకు పోవుచున్నవో వారికి తెలియజేయుట మన ధర్మము. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును పార్లమెంటు 2023లోనే ఆమోదించినది. కాని చట్టమున్నను లేకున్నను, ఒక్క ఆశా కార్యకర్త మాత్రమే యున్న గ్రామమున ఆమె పేరు తొలగించినంత మాత్రమున ఆమె గుప్తముగా నుండదని గ్రహింపవలెను.

కావున విశ్వవిద్యాలయములకు నా విన్నపమిది. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పుట పద్ధతిని చెప్పుట కాదని నియమము చేయుడు. కోడ్‌ల నిర్వచనములను, అవి మారిన క్రమమును, ముఖ్యమైన మెమోలను అనుబంధముగా కోరుడు. సిద్ధాంతమునకు లొంగని మాటలకు ఒక ప్రకరణము కేటాయింపజేయుడు. తెలుగులో జరిగిన సంభాషణను తెలుగులోనే విశ్లేషింప ప్రోత్సహింపుడు. సమ్మతిపత్రమున యంత్రవినియోగమును స్పష్టముగా పేర్కొనుడు. లైసెన్సు కొనలేని విద్యార్థులకు ట్యాగెట్, క్వాల్‌కోడర్ వంటి యుచిత సాఫ్ట్‌వేర్‌లు కలవు. వానిని నేర్పుటకు పెద్ద బడ్జెట్టు అక్కఱలేదు.

కూలి పోగొట్టుకొనియో, పొలము పని మానుకొనియో, ఒక మనిషి పరిచయము లేని పరిశోధకునికి గంటసేపు తన బ్రతుకు చెప్పుకొనును. ఆ గంటకు మనము చెల్లింపగల మూల్యము శ్రద్ధ యొక్కటే, దానిని యంత్రము మన బదులు చెల్లింపజాలదు. ఇకమీదట మౌఖికపరీక్షలో ఆచార్యులు అభ్యర్థిని ఏ సాఫ్ట్‌వేర్ వాడితివని యడుగుటకు ముందు, ఈ ఇంటర్వ్యూను ఎన్నిమార్లు చదివితివి, నీ తొలి యభిప్రాయమును మార్చిన మాట యేది అని యడుగుదురు గాక. దానికి సమాధానము చెప్పగలవాని చేతిలో ఏ సాఫ్ట్‌వేర్ యున్నను భయము లేదు. చెప్పలేనివానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనియిచ్చినను ప్రయోజనము లేదు.