నాన్న వదిలిన అంబాసిడర్‌ను ఏం చేద్దాం?

తండ్రి పోయాక పిల్లలు పంచుకొనేవాటిలో పొలం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, నాలుగు కాసుల బంగారం ఉంటుంది. వీటి లెక్క పెద్దమనుషుల ముందు ఎలాగోలా తేలిపోతుంది. తేలనిది కొన్ని ఇళ్ళలో పశువులపాక పక్కన ఉంటుంది. టైర్లలో గాలి దిగిపోయి, డిక్కీలో ఎలుకలు కాపురం పెట్టిన పాత అంబాసిడర్ కారు అది. పాత ఇనుముకు వేసేద్దామని పెద్దవాడు అంటాడు. నాన్న గుర్తు, ఎవరూ ముట్టుకోవద్దని ఆడపిల్ల అంటుంది. ఇంజను మార్చి, వెడల్పు చక్రాలు వేసి, సైలెన్సర్ మోత మోగేలా చేద్దామని చిన్నవాడు అంటాడు.

ఈ ముగ్గురి మాటల్లో దేనికీ మేము పూర్తిగా ఒప్పుకోలేము. వారసత్వంగా వచ్చిన బండిని నడిచే స్థితికి తేవాలి. ప్రాణాలు కాపాడే భాగాలను మొహమాటం లేకుండా మార్చాలి. దాన్ని చూడగానే ఫలానావారి కారు అని ఊరు గుర్తుపట్టే ఆనవాళ్ళను మాత్రం అలాగే ఉంచాలి. ఇదీ మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము, నిదానంగా ఆలోచించండి.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను తీసుకొని, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును 1950ల చివర్లో మొదలుపెట్టింది. 2014 వరకు తయారుచేసింది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి గాని ఆ గుండ్రటి రూపం పెద్దగా మారలేదు. పాత మోడళ్ళలో ముందుసీటు బెంచీలా ఉండి, గేరు స్టీరింగ్ దగ్గరే ఉండేది. అందుకే ముందు ముగ్గురు, వెనుక ఎందరు పడితే అందరు ఎక్కేవారు. మన ఊళ్ళలో పెళ్ళికొడుకు ఊరేగింది అందులోనే. అర్ధరాత్రి నొప్పులొచ్చిన తల్లిని పట్నం ఆసుపత్రికి చేర్చిందీ అదే. కారు కొన్నది ఒక్క ఇల్లయినా, దాని మేలు పొందింది వీధంతా. అలాంటిదాన్ని తూకానికి వేసేముందు ఒక్క క్షణం ఆగాలి.

అయితే గుర్తుగా అలాగే ఉంచేస్తామనడం కూడా కాపాడటం కాదు. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కిందిభాగం, కాళ్ళకింది రేకు, డిక్కీ అడుగు తుప్పుపడితే పోయేది అందం కాదు, బలం. పట్టా కప్పినా లోపల చెమ్మ ఆగదు. ట్యాంకులో పెట్రోలు జిగురుగా మారుతుంది, బ్రేకు ఆయిలు నీటిని పీల్చుకొని చక్రాల దగ్గర సిలిండర్లు బిగుసుకుపోతాయి. ముట్టుకోకుండా ఉంచిన ప్రతి వానాకాలమూ ఆ గుర్తునే తినేస్తుంది.

కాబట్టి బాగుచేయించాలి. కాని వరస తప్పకూడదు. చాలామంది రంగుతో మొదలుపెడతారు. పుట్టీ పెట్టి పైన మెరుగు వేస్తే తుప్పు కనబడదు, పోదు. ముందు కింది మ్యాట్లు ఎత్తి, రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. చిల్లు పడితే అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. తరువాత బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్, ఆపైన ఇంజను, అన్నిటికంటే చివర పెయింటు. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కొంచెం ఆయిలు పోసి, చేత్తో మెల్లగా తిరుగుతుందో లేదో ముందు చూడాలి.

ఇక ఏవి మార్చాలి? సీటుబెల్టులు లేకపోతే గట్టి ఆధారానికి బిగించి పెట్టించండి. నాన్న బెల్టు లేకుండానే నడిపాడు కదా అనకండి, నాన్న నడిపిన రోజుల్లో మన రోడ్ల మీద ఈ వేగం లేదు. బట్ట చుట్టిన పాత వైర్లు తీసేసి, ఫ్యూజులతో కొత్త వైరింగ్ వేయించండి. డైనమో ఉన్న మోడలైతే ఆల్టర్నేటర్ పెట్టిస్తే రాత్రి లైట్లు నిలకడగా వెలుగుతాయి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, వాటిని మార్చండి. టైరు మీద గీతలు నిండుగా ఉన్నా దాని వయసు చూడండి. పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి.

ఏవి మార్చకూడదు? ముందు జాలి, డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ దగ్గరి గేరు, వెనుక ఆ బరువైన డిక్కీ మూత. వేరే కంపెనీ ఇంజను వేద్దామనే తమ్ముళ్ళు ఒకటి వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం నేరం. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదేరకం ఇంజను వేసినా ఆర్.టి.ఓ. అనుమతి కావాలి, రంగు మారిస్తే ఆర్.సి.లో రాయించాలి. 2021 నాటి నిబంధనల్లో 50 ఏళ్ళు దాటిన కార్లకు వింటేజ్ గుర్తింపు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజనులను పెద్దగా మార్చిన కారుకు ఆ గుర్తింపు దొరకదు. ఆ నంబరు తీసుకుంటే రోజూ తిరగడానికి వీల్లేదన్నదీ గుర్తుంచుకోండి.

కాగితాల మాట కూడా మరవవద్దు. యజమాని చనిపోయిన 30 రోజుల్లో కార్యాలయానికి తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆ పేరు ఎవరిదై ఉండాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. ఒకరు లక్షలు ఖర్చుపెట్టాక మరొకరు వాటా అడిగిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. కారు బాగుపడి, తోబుట్టువుల మధ్య మాటలు ఆగిపోతే ఆ తండ్రికి ఏం గౌరవం చేసినట్టు?

ఈ డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ చిన్నకారు వస్తుంది కదా, మైలేజీ కూడా ఎక్కువ కదా అని అడిగేవారున్నారు. నిజమే, కాదనము. పిల్లల ఫీజు కట్టాల్సి ఉంటే ఫీజే ముందు. వడ్డీకి తెచ్చి బండికి మెరుగు పెట్టవద్దు. మన వల్ల కాకపోతే శ్రద్ధగా చూసుకొనే మనిషికి అమ్మడంలో తప్పులేదు. స్తోమత ఉన్నవారు మాత్రం విడతలవారీగా చేయించండి. ఈ ఏడు బ్రేకులు, వచ్చే ఏడు రేకు పని. కార్బొరేటర్ శబ్దం విని లోపం చెప్పే పాత మెకానిక్కులు ఇంకా మన మండల కేంద్రాల్లో ఉన్నారు. వారి పక్కన మీ అబ్బాయిని నిలబెట్టండి, ఆ పనితనం కూడా వారసత్వమే.

బండి తయారయ్యాక షెడ్డులో దాచకండి. వీధిలో ముసలమ్మకు కంటి ఆపరేషన్ ఉంటే తీసుకువెళ్ళండి, పేదింటి పెళ్ళికి అడిగితే పంపండి. మీ నాన్న ఆ కారును అలాగే వాడాడు.