ఉపవాసమును, ఉపకారమును

2020వ సంవత్సరము మార్చి 20వ తేదీ మొదలు తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడెను. అర్చకులు స్వామి కైంకర్యములను ఏకాంతముగ నెరవేర్చిరి. ఏప్రిలు 12వ తేదీని వచ్చిన ఈస్టరు పండుగను క్రైస్తవులును, ఆ మాసాంతమున ప్రారంభమైన రంజాను ప్రార్థనలను ముసల్మానులును ఇండ్లయందే జరుపుకొనిరి. కరోనా మహమ్మారి ఆలయద్వారములను మూయించెనుగాని ప్రార్థనను మాన్పింపలేకపోయెను. తనవలన పొరుగువానికి రోగము సోకరాదని గుమ్మము దాటక చేసిన నమస్కారముకూడ ఒక దానమే యని మా యభిప్రాయము.

కాని ఆ దినములలోనే దేశము వేరొక ఉపవాసమును చూచినది. మార్చి 25వ తేదీని మొదలైన లాక్‌డౌనువలన పని పోయి, బిడ్డల నెత్తుకొని వందలమైళ్లు స్వగ్రామములకు నడచిన కూలీలు ఏ వ్రతమును పట్టినవారు కారు. ఏకాదశినాడు మనము విడిచిన అన్నము ద్వాదశి పారణయందు మన విస్తరికే తిరిగివచ్చును. వారికట్టి పారణ లేదు. కోరి మానినది వ్రతము. దొరకక మానినది పస్తు. ఒకరి వ్రతము వేరొకరి పస్తును తీర్చినప్పుడే సార్థకము. రంజాను ముగింపున పండుగ నమాజునకు పూర్వమే బీదలకు ఫిత్రా చెల్లింపవలెనన్న ఇస్లాము నియమమునందలి భావమిదియే.

ప్రభుత్వము ఆహారభద్రతా కార్డుగలవారికి తలకు నెలకు 5 కిలోల ధాన్యమును అదనముగ, ఉచితముగ నొసంగెను. అది మేలే. కాని కార్డు స్వగ్రామమునను, కడుపు పరాయిపట్టణమునను ఉన్నవాని గతి యేమి? అట్టివారిని ఆదుకొన్నది ఢిల్లీ బంగ్లాసాహెబు గురుద్వారమునందలి లంగరువంటి అన్నసత్రములు, వీధిలోని పొరుగువారు, అన్నపు పొట్లములతో రహదారిప్రక్క నిలిచిన యువకులు. దాతృత్వము రాజధర్మమునకు బదులు కాజాలదు. అయినను రాజధర్మముకంటె ఆకలి ముందు చేరును.

రెండు లోపములనుగూడ చెప్పక తప్పదు. పొట్లమునిచ్చుచు ఫోటో తీయించుకొనినవాడు అన్నమునిచ్చి మానమును పుచ్చుకొనెను. పనిమనిషిని రావలదని చెప్పి, ఆ నెల జీతము కోసి, సాయంకాలము దీపము వెలిగించి లోకక్షేమమును కోరినవాని ప్రార్థన యెచ్చటికి చేరును? ఆమె జీతము దానము కాదు, ఋణము. ఋణము తీర్చిన పిమ్మటనే దానము.

ఇట్టి వ్యాధి మరల రాదని యెవరును పూచీపడజాలరు. చదువరులారా! వంట చేయు ప్రతిపూట పిడికెడు బియ్యము వేరొక కుండలో వేయుడు. మీ వీధిలో దినకూలిపై బ్రదుకు కుటుంబములేవో ఇప్పుడే తెలిసికొనుడు. ఉపవాసమునాడు మిగిలిన గ్రాసమును వారి యింటికి చేర్చుడు. ఆలయము తెరచువరకు భక్తుడు వేచియుండగలడు, ఆకలి వేచియుండదు.